నెమ్మూ ఉక్కా: కోస్తా పాత ఇళ్ళ కట్టుబడి చరిత్ర

ఇచ్ఛాపురం నుంచి తడ వరకు సాగే ఆంధ్ర తీరంలో ఇల్లు కట్టడమంటే నాలుగు పనులు ఒక్కసారి చేయడం. రోహిణి కార్తె ఎండను ఆపాలి. పొద్దు గూకినా వదలని ఉక్కను బయటికి పంపాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, తరువాత డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానను గోడల మీద పడనీయకుండా దించాలి. డెల్టాలో కొద్ది అడుగుల లోతునే ఉండే నీరు గోడల్లోకి ఎగబాకకుండా చూడాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా ఇల్లు ఇబ్బంది పెడుతుంది. ఒకదాని కోసం చేసిన పని మరొకదానికి అడ్డు రాకూడదన్నదే అసలు చిక్కు. కోస్తా పాత ఇళ్ళ చరిత్ర అంతా ఈ చిక్కును విప్పుకుంటూ వచ్చిన చరిత్రే.

రాయలసీమలోనూ తెలంగాణలోనూ గాలి పొడిగా ఉంటుంది. అక్కడ పగటికీ రాత్రికీ వేడిలో తేడా ఎక్కువ. మందమైన రాతిగోడ, మట్టి మిద్దె పగటి వేడిని తమలో దాచుకుని రాత్రి చల్లగాలికి వదిలేస్తాయి. సముద్రం ఒడ్డున రాత్రి అంత చల్లబడదు, కాబట్టి గోడ మందం ఒక్కటే సరిపోదు. పైగా మనిషి ఒంటికి చల్లదనం చెమట ఆరడం వల్ల కలుగుతుంది. గాలిలోనే తేమ నిండి ఉన్నప్పుడు చెమట ఆరదు. ఎండవేడికీ ఉక్కపోతకూ తెలుగులో వేర్వేరు మాటలు ఉండడం ఊరికే కాదు. ఎండవేడికి నీడ చాలు. ఉక్కపోతకు నీడతోపాటు కదిలే గాలి కావాలి. నెమ్ము ఎక్కిన గోడ ఆరడానికి కావలసినదీ ఆ గాలే.

చుట్టిల్లు, తాటాకు

ఈ తీరంలో ఇళ్ళ రూపాన్ని తెలిపే పాత ఆధారాల్లో ఒకటి రాతిలో ఉంది. ఏలూరు జిల్లా గుంటుపల్లి కొండలో క్రీస్తు పూర్వపు బౌద్ధులు తొలిచిన గుండ్రటి చైత్యగృహం లోకప్పు గుమ్మటంలా ఉంటుంది. ఆ గుమ్మటం లోపలి వైపు కొయ్య వాసాల్ని పోలిన పట్టీల్ని రాతిలో చెక్కారు. రాతికి వాసాలతో పని లేదు. శిల్పులు తమ కళ్ళ ముందున్న కొయ్య, గడ్డి కట్టడాన్ని రాతిలోకి దించారు. అమరావతి శిల్పాల్లోనూ గుండ్రటి కుటీరాలు కనిపిస్తాయి.

ఆ రూపం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల చుట్టిళ్ళలో నిలిచింది. చుట్టింటికి గుండ్రటి మట్టిగోడ, దాని మీద శంకువు ఆకారపు తాటాకు కప్పు ఉంటాయి. చూరు దాదాపు నేలదాకా దిగుతుంది. గుండ్రటి గోడకు మూల లేదు కాబట్టి తుపాను గాలి ఎటునుంచి వచ్చినా చుట్టూ జారిపోతుంది. కిందికి దిగిన చూరు గోడను ఎండకూ జల్లుకూ తగలనీయదు. ఊళ్ళో చుట్టిళ్ళు ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా ఉండడం వల్ల ఒక ఇంటి నీడ మరో ఇంటికి అందుతుంది, గాలి దెబ్బ కూడా తగ్గుతుంది.

వేడిని అడ్డుకోవడంలో తాటాకుకు, వరిగడ్డికి సాటి వచ్చే కప్పులు తక్కువ. పొరల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలే ఇందుకు కారణం. అదే మందం ఉన్న కాంక్రీటుతో పోలిస్తే గడ్డి కప్పు గుండా వేడి ఇంచుమించు ఇరవయ్యో వంతు మాత్రమే దిగుతుంది. వాలు ఎక్కువగా ఉంటుంది కాబట్టి నీరు పై పొరల మీదనే జారిపోతుంది, లోపలి పొరలు పొడిగా ఉంటాయి. వంటింటి పొగ కప్పు సందుల్లోంచి బయటికి పోతూ ఆకును ఆరబెడుతుంది, పురుగును దూరంగా ఉంచుతుంది. కొరతలూ ఉన్నాయి. నిప్పుకు భయం, కొన్నేళ్ళకోసారి మళ్ళీ నేయించే ఖర్చు, చెదలు, ఎలుకలు. తాటాకు ఇళ్ళ వరసల్లో ఎండాకాలపు అగ్నిప్రమాదాలు ఊళ్ళకు ఊళ్ళనే కాల్చేవి. చేతిలో నాలుగు రాళ్ళు చేరగానే జనం పెంకువైపు మొగ్గడానికి ముఖ్య కారణం ఈ భయమే.

నేల నుంచి వచ్చే నెమ్ము

మట్టికీ ఇటుకకూ కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి. దీపంలో వత్తి నూనెను పీల్చినట్టే అవి నేలలోని నీటిని పైకి పీలుస్తాయి. ఆ నీటితోపాటు నేలలోని లవణాలూ ఎక్కుతాయి. గోడ ముఖం మీద నీరు ఆవిరైపోతుంది, లవణాలు అక్కడే మిగిలి స్ఫటికాలుగా గట్టిపడతాయి. గట్టిపడేటప్పుడు ఉబ్బి పూతను నెట్టేస్తాయి. గోడకు ఉప్పు పొంగడం, పెచ్చులూడడం అనేవి ఇవే. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో, చవిటి నేలల్లో ఈ బెడద మరింత ఎక్కువ.

పాత కట్టుబడిలో దీనికి మొదటి జవాబు ఎత్తు. ఇప్పటి మేస్త్రీలు బేస్‌మట్టం అనే దాన్ని వీధి కంటే రెండు మూడు అడుగులు పైకి లేపేవారు. ఇంటి ముందు అరుగులకు ఆ ఎత్తు అలాగే వచ్చింది. అరుగు ఊరివాళ్ళు కూర్చునే చోటే కాదు, అసలు గోడకు వాన నీటిని దూరంగా ఉంచే కట్ట కూడా. రెండో జవాబు రాయి. నల్లరాయి నీటిని పీల్చదు. రాయి దొరికే చోట గదుల నేల మట్టం దాకా రాతి వరసలు పేర్చి, ఆ పైన మట్టిగోడో ఇటుకగోడో లేపితే నెమ్ము చాలావరకు అక్కడే ఆగిపోతుంది. మూడో జవాబు ఇసుక. ముతక ఇసుక రేణువుల మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి నీరు వాటి గుండా ఎక్కువ ఎత్తుకు ఎగబాకలేదు. గదుల నేల కింద ఇసుక నింపి, నీళ్ళు పోసి, దిమ్మిస కొట్టి, దాని మీద గచ్చు చేసేవారు. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది. ఆ నేలల్లో ఈ ఇసుక పొర గచ్చు పగుళ్ళను కూడా తగ్గించేది.

మట్టిగోడను ఒక్కసారిగా లేపరు. తొక్కిన మట్టిలో వరిగడ్డి ముక్కలు, ఊక కలిపి, ముద్దలుగా పేర్చి, ఒక వరస ఆరిన తరువాతే రెండోది వేస్తారు. అడుగున్నర, రెండడుగుల మందాన సాగే ఈ గోడ ఎండను మెల్లగా లోపలికి పంపుతుంది. మధ్యాహ్నపు వేడి లోపలి ముఖానికి చేరేసరికి రాత్రి అవుతుంది, అప్పటికి ఇంటివాళ్ళు అరుగు మీదికో పెరట్లోకో వచ్చేస్తారు. మట్టికి మరో గుణం ఉంది. గాలిలో తేమ పెరిగినప్పుడు కొంత పీల్చుకుంటుంది, గాలి ఆరినప్పుడు వదులుతుంది. పేడ అలుకు ఆ గుణాన్ని చెరపదు. పేడలోని సన్నని పీచు మట్టి పగలకుండా పట్టి ఉంచుతుంది. తరచూ అలకడమంటే తరచూ మరమ్మతు చేయడమే.

సున్నం

తీరంలో సున్నానికి ముడిసరుకు సముద్రమే ఇచ్చింది. నత్త గుల్లలు, ఆల్చిప్పలు కాల్చి చేసినది గుల్ల సున్నం. పులికాట్ సరస్సులో పాత గుల్లల పొరలు ఉండడంతో ఆ చుట్టుపక్కల గుల్ల ఏరడం ఒక వృత్తిగా సాగింది. సముద్రానికి దూరంగా పల్నాడు వంటి చోట్ల సున్నపురాయిని కాల్చేవారు.

బట్టీలో 900 డిగ్రీల దగ్గర కాలిన రాయి లేదా గుల్ల బొగ్గుపులుసు వాయువును వదిలి పొడి సున్నమవుతుంది. నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడి సున్నమవుతుంది. గోడకెక్కిన తరువాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుని, ఏళ్ళ తరబడి మెల్లగా మళ్ళీ రాయిగా మారుతుంది. రాయిగా బయల్దేరిన పదార్థం గోడ మీద తిరిగి రాయి కావడమే సున్నపు పని అంతా.

గచ్చుకీ గోడలకీ వాడే సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో నూరేవారు. గుండ్రటి కాలువలో పెద్ద రాతి చక్రాన్ని ఎద్దులు తిప్పుతుంటే సున్నం మెత్తగా, జిగటగా తయారయ్యేది. గానుగ సున్నం అన్న మాట ఇందులోంచే వచ్చింది. నీటికి తట్టుకోవలసిన చోట ఇటుక పొడి కలిపేవారు. కాలిన మట్టిలోని సిలికా సున్నంతో కలిసి తడిలోనూ గట్టిపడుతుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలపడం మరో ఆనవాయితీ. కరక్కాయలోని వగరు, బెల్లంలోని తీపి సున్నం మరీ తొందరగా బిగుసుకోకుండా ఆపి, పూత మెత్తగా సాగేట్టు, పగుళ్ళు తగ్గేట్టు చేస్తాయి. చెన్నపట్నపు ఇళ్ళలో పాలరాయిలా మెరిసే గోడలకు గుల్ల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన వంటివి కలిపి, నున్నని రాయితో రుద్ది పూసేవారు. ఇలాంటి మిశ్రమాల ఆలోచన చాలా పాతది. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో రాసిన బృహత్సంహితలో వజ్రలేపం మీద ఒక అధ్యాయమే ఉంది. పచ్చి తుమికి, వెలగ కాయలు, బూరుగ పూలు మొదలైనవి కాచి, జిగురులు కలిపి చేసే ఆ లేపాన్ని దేవాలయాలకూ గోడలకూ పూయమని అందులో చెప్పారు.

కోస్తా ఇంటికి సున్నం అంతగా నప్పడానికి కారణం దాని గట్టిదనం కాదు. సున్నపు పూత వాన నీటిని లోపలికి అంతగా చొరనీయదు, కానీ గోడలోని తేమను ఆవిరిగా బయటికి పోనిస్తుంది. గోడ తడిసినా ఆరుతుంది. గోడ కొద్దిగా కదిలినా పూత పెద్దగా చీలదు. సన్నని పగుళ్ళు పడితే వాననీటికి కరిగిన సున్నమే వాటిలో చేరి తిరిగి గట్టిపడుతుంది. ఏటా సంక్రాంతి ముందు వేసే వెల్ల కూడా పండగ శోభ కోసమే కాదు. తెల్లదనం ఎండను వెనక్కి తిప్పుతుంది, సున్నపు క్షారగుణం బూజును పెరగనీయదు, కొత్త పొర పాత పగుళ్ళను పూడుస్తుంది.

పెంకుటిల్లు, మండువా

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855కి సిద్ధమైంది. కాలువల నీటితో డెల్టా మాగాణి అయింది, రైతుల చేతిలో డబ్బు మెదిలింది. గోదావరి ఎగువ అడవుల టేకు నది మీద తెప్పలుగా దిగివచ్చేది. బర్మా టేకు ఓడల మీద కోరమాండల్ రేవులకు చేరేది. ఈ డబ్బు, ఈ కలప కలిసి గోదావరి, కృష్ణా జిల్లాల మండువా లోగిళ్ళకు ఊపు ఇచ్చాయి.

మండువా ఇంటికి నడుమ ఆకాశానికి తెరచిన చోటు ఉంటుంది. నాలుగు వైపులా గదులు, వాటి ముందు స్తంభాల వసారా. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి మండువా మీదికి నీరు దించుతుంది. వానాకాలంలో చూరు కింద గంగాళాలు పెట్టి ఆ నీటిని పట్టుకునేవారు. మిగిలినది తూము గుండా వీధికి పోయేది. పగలు కప్పు కింద వేడెక్కిన గాలి మండువా గుండా పైకి లేస్తుంది, దాని చోటులోకి వీధి వాకిలి నుంచీ పెరటి వాకిలి నుంచీ గాలి వస్తుంది. వీధి గుమ్మం, నడవ, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉండడం వల్ల గాలికి అడ్డు ఉండదు. సముద్రపు గాలి లేని రోజున కూడా ఇంట్లో గాలి కదులుతుంది. గదుల గోడలు బయటి ముఖానా లోపలి ముఖానా కూడా ఆరుతాయి.

కప్పు మీద గూన పెంకులు. కుమ్మరి సారె మీద గొట్టంలా చేసి, నిలువునా చీల్చి కాల్చిన అరగొట్టాలు అవి. ఒక వరస వెల్లకిలా, దాని మీద మరో వరస బోర్లా పేరుస్తారు. రెండు వరసల మధ్య గొట్టాల్లాంటి ఖాళీల్లో గాలి ఆడుతుంది, పై పెంకు వేడి నేరుగా కిందికి దిగదు. వానలో పెంకు కొంత నీరు పీల్చి, ఎండ రాగానే ఆ నీటిని ఆవిరి చేస్తూ తాను చల్లబడుతుంది. పెంకు కింద బల్లలు పరిచిన అటక ఉంటే మరో గాలి పొర ఏర్పడుతుంది. పాత సామాను దాచుకునే అటకే గదిని ఎండ నుంచి కాపాడే అడ్డుగా పనిచేసింది. గూన పెంకు కొరత దాని బరువు, జారిపోయే గుణం. కోతులు, పిల్లులు, కొబ్బరి మట్టలు కదిపిన పెంకును ఏటా వానలకు ముందు సర్దించాలి. మృగశిర కార్తె రాకముందే పెంకు నేసేవాళ్ళకు గిరాకీ ఉండేది.

మిద్దెలు, బంగళాలు

ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్నంలో దిగారు. డచ్చివారు వారికంటే కొద్ది ఏళ్ళ ముందే వచ్చారు. మొదట్లో వారి ఇళ్ళూ స్థానిక మేస్త్రీలు కట్టినవే. పోనుపోనూ విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నాల్లో బంగళా రూపం స్థిరపడింది. చుట్టూ లోతైన వరండాలు, ఎత్తయిన లోకప్పు, ఎదురెదురు కిటికీలు, వాటికి గాలి వదిలి ఎండను ఆపే రెక్కల తలుపులు. పడమటి గాలి వీచే రోజుల్లో తలుపులకు వట్టివేళ్ళ తడికలు కట్టి తడిపేవారు. వడగాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడిక గుండా వచ్చేసరికి చల్లబడేది. సముద్రపు గాలి తిరిగిన రోజున అదే తడిక ఉక్కను పెంచేది. పొడి వేడికి పనికొచ్చిన ఉపాయం తడి వేడికి పనికిరాదని ఈ ఒక్క వస్తువే చూపుతుంది.

పట్టణాల్లో పెంకు బదులు చదునైన కప్పు కావాలనుకున్నవారికి మద్రాసు మిద్దె దొరికింది. టేకు దూలాల మీద అంగుళం మందపు పలుచని ఇటుకల్ని నిలబెట్టి, ఐమూలగా, సున్నంతో అతికి పరుస్తారు. దాని మీద ఇటుక జల్లి, సున్నం కలిపిన పొర వేస్తారు. ఆడకూలీలు వరసగా కూర్చుని, కరక్కాయ బెల్లం నీళ్ళు చల్లుతూ, చెక్క బల్లలతో రోజుల తరబడి ఆ పొరను కొడతారు. బల్ల దెబ్బ మెత్తగా దిగకుండా పైకి ఎగిరినప్పుడు పని పూర్తయినట్టు లెక్క. ఆ పైన సున్నంలో బిళ్ళ పెంకులు అతికి, నీరు నిలవకుండా వాలు ఇస్తారు. ఎక్కడా తారు లేదు, సిమెంటు లేదు. మందం, బిగువు, వాలు ఈ మూడే నీటిని ఆపాయి. బాగా చేసిన మద్రాసు మిద్దెలు వంద ఏళ్ళు దాటి నిలిచాయి.

రాయలసీమ మట్టి మిద్దె దీనికి దూరపు చుట్టం. అక్కడ దూలాల మీద పరిచిన కొయ్య పైన చవుడు మట్టి పోస్తారు. సోడియం ఎక్కువగా ఉన్న ఆ మట్టి తడవగానే ఉబ్బి రంధ్రాలను మూసేసుకుంటుంది. ఏటా కొత్త చవుడు చల్లితే కప్పు కారదు. తక్కువ వాన, ఎక్కువ ఎండ ఉన్న సీమకు సరిపోయిన ఈ ఉపాయం రోజుల తరబడి ముసురు పట్టే కోస్తాకు సరిపడలేదు. కోస్తా వాలు కప్పును వదలకపోవడానికి కారణం అదే.

బెంగుళూరు పెంకు

ఫ్రాన్సులోని అల్సాస్‌లో గిలార్దోనీ సోదరులు 1841లో ఒకదానిలో ఒకటి ఇమిడే పెంకుకు పేటెంటు పొందారు. ఆ రకం పెంకును 1865లో బాసెల్ మిషన్‌కు చెందిన జర్మన్ మతప్రచారకుడు జార్జ్ ప్లెబ్‌స్ట్ మంగళూరులో తయారు చేయించాడు. నేత్రావతి ఒడ్డున జెప్పులో వెలసిన ఆ కర్మాగారం పెంకుల పరిశ్రమకు మొదలు. మంగళూరు పెంకును కోస్తా ఊళ్ళు బెంగుళూరు పెంకు అని పిలుచుకున్నాయి. గోదావరి ఒండ్రు బంకమట్టి ఇందుకు బాగా పనికి రావడంతో రాజమహేంద్రవరం చుట్టుపక్కలా పెంకుల కర్మాగారాలు లేచాయి.

ఈ పెంకు చదరపు మీటరుకు పదిహేను దాకా సరిపోతుంది. గూన పెంకుల రెండు వరసల బరువుతో పోలిస్తే చాలా తేలిక, కాబట్టి వాసాలు సన్నవైనా చాలు. గాడిలో గాడి పడడం వల్ల జారదు, కారదు, ఏటా సర్దించే పని తప్పింది. అయితే పెంకు ఒక్క పొర అయిపోయింది. గూన పెంకుల మధ్య ఆడే గాలి పోయింది, ఎండ నేరుగా కిందికి దిగసాగింది. మంచి మేస్త్రీలు దీన్ని గమనించి కింద అటకనో చెక్క లోకప్పునో తప్పక పెట్టించారు. ఖర్చు తగ్గించుకుని అటక మానేసిన ఇళ్ళు పగలు వేడెక్కాయి. వేడిని ఆపడమూ నీటిని ఆపడమూ రెండు వేర్వేరు పనులని, ఒకటి బాగుపడితే రెండోది వెనక్కి పోవచ్చని ఈ మార్పుతో తెలిసింది.

సిమెంటు, శ్లాబు

మన దేశంలో సిమెంటు నిలకడగా తయారు కావడం 1914లో పోర్‌బందర్‌లో మొదలైంది. పల్లెల దాకా శ్లాబు రావడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. జనం శ్లాబువైపు మొగ్గడానికి బలమైన కారణం తుపాను. మచిలీపట్నాన్ని 1864 నవంబరు 1న ముంచెత్తిన ఉప్పెనలో ముప్పై వేల మంది దాకా పోయారు. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పది వేల మంది ప్రాణాలు తీసింది. ఆ తరువాత ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ తీరం వెంబడి తుపాను ఆశ్రయాలు, పక్కా ఇళ్ళు కట్టించాయి. ఎగిరిపోని కప్పు ప్రాణాలు నిలిపే కప్పు. శ్లాబుకు జనం పట్టం కట్టడం న్యాయమైన పనే.

కానీ నాలుగైదు అంగుళాల శ్లాబు ఎండను ఆపలేదు. మే నెల మధ్యాహ్నం దాని పై ముఖం 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడి సాయంత్రానికి కింది ముఖానికి చేరి, అర్ధరాత్రి దాటేదాకా పడకగదిలోకి దిగుతూనే ఉంటుంది. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఇళ్ళ కప్పు గుండా చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదంటుంది. ఏ పొరా లేని శ్లాబు గుండా దాదాపు మూడు రెట్లు దిగుతుంది. ముందు తరం మేస్త్రీలు శ్లాబు మీద ఇటుక జల్లి సున్నం, దాని మీద బిళ్ళ పెంకులు వేసి మద్రాసు మిద్దె పై పొరల్ని కొనసాగించారు. తొందర పెరిగి, సున్నం తయారు చేసేవాళ్ళు తగ్గి, ఆ పొర చాలా ఇళ్ళలో మాయమైంది. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో శ్లాబుకు మరో జబ్బు పట్టింది. సన్నని పగుళ్ళ గుండా నీరు, ఉప్పు చేరి లోపలి ఊచలకు తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు కోరుతుంది, కాంక్రీటును పెచ్చులుగా నెట్టేస్తుంది.

పాత ఇంటికి సిమెంటు చేసిన హాని వేరు. గోడ అడుగున పెచ్చులూడిన సున్నాన్ని గీకి సిమెంటు పూస్తే కొద్ది నెలలు గోడ గట్టిగా, నున్నగా కనిపిస్తుంది. లోపలి నెమ్ముకు బయటికి దారి మూసుకుపోతుంది. అది సిమెంటు పూత వెనక మరింత ఎత్తుకు ఎగబాకి, పూత ముగిసిన చోట బయట పడుతుంది. రెండడుగుల ఎత్తున ఆగిన నెమ్ము నాలుగడుగులకు చేరుతుంది. మెత్తని పాత ఇటుక లోలోపల పొడి అయిపోతుంది. ప్లాస్టిక్ రంగు పూసినా ఫలితం ఇదే.

ఇప్పుడు ఏసీ ఈ చిక్కును పెంచింది. బయట 34 డిగ్రీల వేడి, గాలిలో 70 శాతం తేమ ఉన్నప్పుడు 27 డిగ్రీలకంటే చల్లని వస్తువు దేనికి తగిలినా ఆ గాలి నీరు కారుస్తుంది. 24 డిగ్రీలకు చల్లార్చిన గదిగోడ అలాంటి వస్తువే. చలిదేశాల్లో ఇంట్లోని తేమ బయటికి పోతుంది, కాబట్టి అక్కడ ఆవిరిని అడ్డుకునే పొరను గోడ లోపలి వైపు వేస్తారు. ఉక్కదేశంలో తేమ బయటినుంచి లోపలికి వస్తుంది. ఏసీ గది లోపలి గోడకు ప్లాస్టిక్ కాగితమో నీరు చొరని రంగో అతికితే తేమ దాని వెనక చిక్కి బూజు పుడుతుంది. పుస్తకాల్లో చూసిన పరదేశపు పద్ధతి ఇక్కడ తలకిందులవుతుంది.

పాత ఇంటిని నిలబెట్టే వరస

ఇంత చరిత్ర నుంచి పాత ఇంటి మరమ్మతుకు ఒక వరస తేలుతుంది. మొదట నీరు ఎక్కడినుంచి వస్తున్నదో తేల్చాలి. అడుగున ఒకే ఎత్తులో సాగే మచ్చ నేల నుంచి వచ్చిన నెమ్ము. పైనుంచి దిగే చార కప్పు కారడం. కిటికీ మూలన ఉన్న మచ్చ జల్లు. అన్నిటికీ ఒకే మందు పూయడం వల్లనే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది.

నేల నెమ్ముకు ముందు బయటి పని చేయాలి. తరాలుగా వీధి రోడ్డు ఎత్తు పెరిగి, ఒకప్పుడు మూడడుగులున్న అరుగు అడుగుకు దిగిపోయి ఉంటుంది. గోడ పక్కన నిలిచే నీటికి దారి చేసి, కాలువ తీసి, నేలను గోడ నుంచి బయటికి వాలేట్టు సరిచేయాలి. సిమెంటు పూత ఉంటే మచ్చకు రెండడుగుల పైదాకా తీసేసి, గోడను ఒక ఎండాకాలం ఆరనివ్వాలి. తరువాత సున్నం పూత, దాని మీద వెల్ల. పూత కొన్నేళ్ళకు పెచ్చులూడితే కంగారు పడనక్కరలేదు. గోడ ఉప్పును పూత తన మీదికి తెచ్చుకున్నదని అర్థం. పూత మార్చవచ్చు, గోడను మార్చలేం.

పెంకు కప్పుకు చిన్న ఖర్చుతో పెద్ద మేలు చేసేది లోకప్పు. చెక్క బల్లలు గాని, వెదురు చాప గాని వేసి, పెంకుకూ దానికీ మధ్య గాలి ఆడే ఖాళీ వదలాలి. ఆ ఖాళీకి చూరు దగ్గరా కొప్పు దగ్గరా సందులు ఉండాలి. మెరిసే అల్యూమినియం రేకును వాడితే దాని మెరిసే ముఖానికి ఎదురుగా గాలి పొర తప్పనిసరి. దేనికైనా అతుక్కుపోతే అది పనిచేయదు. శ్లాబుకు అడ్డు కింద కాదు, పైన వేయాలి. గదిలో అంటించిన థర్మోకోల్ శ్లాబును ఎండనుంచి కాపాడదు, శ్లాబు రోజూ ఉబ్బి కుంచించుకుని పగుళ్ళు పడుతూనే ఉంటుంది. పగుళ్ళు పూడ్చి, నీరు చొరని పొర వేసి, దాని మీద వేడిని ఆపే పొర, ఆ పైన వాలుతో బిళ్ళలు పరిస్తే ఇల్లూ శ్లాబూ రెండూ నిలుస్తాయి. అంత స్తోమత లేనివారికి తెల్లసున్నమే గతి, మంచి గతి కూడా. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం కప్పు మీద ఎండను తిప్పికొట్టే పూత వేయమంటుంది. గోడలకు సంక్రాంతికి వేసిన వెల్ల ఇప్పుడు కప్పు మీదికి ఎక్కింది.

కోస్తా పాత మేస్త్రీ నీటిని పూర్తిగా మూసివేయాలని చూడలేదు. గోడ తడుస్తుందని ఒప్పుకుని, తడిసినది ఆరే దారి ఉంచాడు. ఎండ పడుతుందని ఒప్పుకుని, ఎండకూ మనిషికీ మధ్య గాలి పొర ఉంచాడు. ఏటా కొంత పని మిగిలి ఉంటుందని ఒప్పుకుని, ఆ పనికి మృగశిరనూ సంక్రాంతినీ గడువుగా పెట్టుకున్నాడు. నేడు నిలిచి ఉన్న ప్రతి మండువా ఇల్లూ, ప్రతి మద్రాసు మిద్దే ఈ మూడు ఒప్పుకోళ్ళ మీదనే నిలిచి ఉన్నాయి. పాత గోడ మీద కొత్త సిమెంటు పూత వేసే ముందు ఇంటివారు ఒక్కసారి గోడ ఏం అడుగుతున్నదో చూడాలి. అది అడిగేది చాలాసార్లు గాలి ఒక్కటే.